సాంబారు బకెట్ ఆత్మకథ

సాంబారు బకెట్ అంటే హోటల్లో సర్వర్ ఎడమ చేతిలో వేలాడే మూత లేని స్టీలు పాత్ర. లోపల ఒక గుంటగరిటె, పైన రెండు చెవులకు తగిలించిన వంపు కాడ ఉంటాయి. ఈ కథ చెప్పుకుంటున్న బకెట్ విజయవాడ బస్టాండు దగ్గర ఒక టిఫిన్, మీల్స్ హోటల్లో పనిచేసింది. సొంత కథలో కూడా అది ‘నేను’ అనదు. సర్వర్ల సావాసం అలాంటిది. ఆర్డరు ఎంత ఆలస్యమైనా వాళ్ళు ‘తెస్తున్నాను’ అనరు, ‘వస్తోంది సార్’ అంటారు, తెచ్చే మనిషి ఎవరో వేరే ఉన్నట్టు.

తయారీలో చెప్పుకోదగ్గ ముచ్చటేమీ లేదు. రేకును అచ్చులో పెట్టి నొక్కారు, అంచు మడిచారు, చెవులు అతికారు. వంశం మాత్రం కాస్త గొప్పదే. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో క్రోమియం కలిపిన ఉక్కు పోతపోశాడు. తుప్పు పట్టని ఆ లోహమే చాకులకూ గిన్నెలకూ ఎక్కింది. ఇత్తడి పాత్ర చింతపండు పులుపుకు చిలుమెక్కుతుంది కాబట్టి లోపల కళాయి పూయించాలి, అరిగినప్పుడల్లా మళ్ళీ పూయించాలి. స్టీలుకు ఆ బెడద లేదు. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే కంటికి కనబడని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. పులుసుతో రోజంతా కాపురం చేసినా చెక్కుచెదరకపోవడం ఈ బకెట్ గొప్పగా చెప్పుకునే సంగతి.

అంతకన్నా గొప్పగా చెప్పుకునేది సర్వర్ చేతి గురించి. సాంబారు నిలకడగా ఉండే పదార్థం కాదు. పప్పు, ములక్కాడ ముక్కలు అడుక్కి దిగుతాయి, తేట పైకి వస్తుంది. పనిమంతుడు ప్రతి టేబులు దగ్గరా గరిటెను అడుగు నుంచి ఒకసారి తిప్పి గానీ వడ్డించడు. పని రానివాడు పైపైన ముంచుతాడు. ముందొచ్చిన ఇడ్లీలకు నీళ్ళు, చివరి వాటికి పప్పుముద్ద. తిట్లు మాత్రం వంట మాస్టరుకు పోతాయి.

మీల్స్ దగ్గర ఇంకొంచెం మెలకువ కావాలి. పప్పు, కూర అయ్యాక సాంబారు వంతు. తినేవాడు అన్నం మధ్య గుంట చేస్తాడు. గరిటెను ఆ గుంట దాకా దించి, అంచు మీదుగా మెల్లగా ఒంచాలి. ఎత్తు నుంచి పోస్తే చుక్కలు చొక్కా మీదికి ఎగురుతాయి. అరచెయ్యి విస్తరికి అడ్డం వచ్చిందంటే చాలని అర్థం. అది పూర్తిగా రాకముందే ఆపగలిగినవాడే సర్వర్. రోజూ వచ్చే మనిషి కూర్చుంటే గరిటె తనకు తెలియకుండానే ములక్కాడల వైపు తిరుగుతుంది. ఇది ఏ హోటలు నిబంధనల్లోనూ ఉండదు.

టిఫిన్ వేళ సర్వర్ పనిలో సగం జ్ఞాపకమే. కాగితం, పెన్ను బిల్లు వేసేటప్పుడే బయటికొస్తాయి. మూడో టేబులుకు రెండు ఇడ్లీ ఒక వడ, కిటికీ పక్కన ఉల్లి లేకుండా పెసరట్టు, మూలన పెద్దాయనకు చక్కెర లేని కాఫీ, అన్నీ బుర్రలో పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర కేకెయ్యాలి. తిరిగొచ్చేటప్పుడు ఎడమ ముంజేతి మీద మూడు ప్లేట్లు, కుడి చేతిలో ఒకటి. ఇంతలో ‘సాంబారూ’ అని నాలుగు వైపుల నుంచీ పిలుపు. సాంబారుకు వేరే బిల్లు ఉండదు. డబ్బు లేని పిలుపు కాబట్టే అంత గట్టిగా వస్తుందని బకెట్ అభిప్రాయం.

జీతం తక్కువ, తిండి హోటల్లోనే, పడక చాలాచోట్ల మేడమీది గదిలో. బిల్లు పళ్ళెంలో సోంపు పక్కన మిగిలే చిల్లరే పైరాబడి. 2016లో యూపీఐ వచ్చాక ఆ పళ్ళెం ఖాళీగా వెనక్కి పోవడం ఎక్కువైంది. క్యూఆర్ కోడ్ మీద పడే డబ్బు యజమాని ఖాతాకే పోతుంది. పెద్ద రెస్టారెంట్లు బిల్లులోనే సర్వీస్ చార్జి కలిపేవి. తినేవాళ్ళ ఇష్టంతో పని లేకుండా అలా కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బస్టాండు హోటలుకు ఈ గొడవ అంటలేదు.

1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం పనివేళలను వారానికి 48 గంటలకు కట్టేసింది. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం మీల్స్, రాత్రి మళ్ళీ టిఫిన్ అని రోజును మూడు ముక్కలు చేసే చోట ఆ లెక్క ఎవరూ వెయ్యరు. భవిష్యనిధి మామూలుగా 20 మంది, ఆపైన పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది. చిన్న హోటళ్ళు ఆ గీతకు ఇవతలే ఆగిపోతాయి. ఏళ్ళ తరబడి నిలబడితే పిక్కల్లో నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. కాళ్ళు మొరాయించినవాణ్ణి మొదట నీళ్ళ గ్లాసులు పెట్టే పనికి, తర్వాత పార్సిల్ కట్టే మూలకు మారుస్తారు.

బకెట్ కూడా ఆ వరసలోనే దిగింది. రాత్రి హోటలు కట్టేసేటప్పుడు మిగిలిన సాంబారు పారబోసి కడగడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ మిగుల్చుకోవడం అక్కడి ఆనవాయితీ. స్టీలు పులుపును ఓర్చుకుంటుంది గానీ ఉప్పును ఎక్కువసేపు ఓర్చుకోలేదు. ఉప్పులోని క్లోరైడ్ పైపొరను తొలిచి సూదిమొనంత గుంటలు పెడుతుంది. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చౌక రకానికి ఈ జబ్బు త్వరగా వస్తుంది. కొనేటప్పుడు ఈ బకెట్ ఏ రకమని అడిగినవాళ్ళు లేరు. తెల్లారి స్టీలు పీచుతో బరబరా తోమితే మచ్చ పోలేదు, మెరుపు పోయింది. తొట్టిలోకి దూరం నుంచి విసిరీ విసిరీ అడుగు సొట్టపోయింది. ఒక చెవి ఊడినప్పుడు అతికించమని సర్వర్ అడిగాడు. బైండింగ్ వైరు చుట్టి ఇచ్చారు. ఆ తీగ కొస అతని బొటనవేలి మొదట్లో గీరుకునేది. గుడ్డపేలిక చుట్టుకుని వడ్డించాడు.

తర్వాత సెల్ఫ్ సర్వీస్ వచ్చింది. 1980ల్లో బెంగళూరులో మొదలైన దర్శిని హోటళ్ళ పద్ధతి అది: ముందు టోకెన్, తర్వాత నిలబడి తినడం. సాంబారును కౌంటరు దగ్గరే చిన్న గిన్నెలో కొలిచి ఇస్తారు. మారు కావాలంటే మళ్ళీ వరుసలో నిలబడాలి. సర్వర్లలో ఇద్దరు ఊళ్ళకు వెళ్ళిపోయారు. బకెట్‌ను ఎంగిలి ప్లేట్ల మూలకు, అక్కడి నుంచి నేల తుడిచే నీళ్ళకు దించారు. గరిటెను మాత్రం వంటింట్లో ఉంచుకున్నారు.

చివరికి పాత సామాన్లవాడు వచ్చాడు. స్టీలును కరిగిస్తే మళ్ళీ స్టీలే అవుతుంది కాబట్టి పాతదానికీ ధర పలుకుతుంది. అతను ముందు అయస్కాంతం పెట్టి చూశాడు. వంటపాత్రల మేలురకం స్టీలుకు అది అంటుకోదు. అయితే దెబ్బలు తిని నలిగిన చోట అదే స్టీలు కాస్త పట్టడం కద్దు. సొట్ట దగ్గర అయస్కాంతం కొంచెం పట్టింది. దాంతో కిలోకు కొంత తగ్గించాడు. క్యాషియర్ బేరమాడలేదు.