మన పేరుందో లేదో తెలియదు, దేశం ఉండాలో పోవాలో చెప్పాలట

2016 జూన్ 23న బ్రిటన్ తన ఓటర్లను ఒకే ప్రశ్న అడిగింది. యూరోపియన్ యూనియన్‌లో ఉందామా, పోదామా? 43 ఏళ్ల ఉమ్మడి కాపురం తేల్చడానికి రెండు గళ్లు, ఒక పెన్సిలు. "నాకు తెలియదు" అనే మూడో గడి పెట్టలేదు. పెట్టి ఉంటే దానికే మెజారిటీ వచ్చేదని నా అనుమానం.

ఆ ప్రశ్న మన గుంటూరు, కరీంనగర్ పిల్లల్నీ అడిగారు. నిజమే. కామన్వెల్త్ పౌరుడై, చెల్లే వీసాతో అక్కడ నివాసముంటే చాలు, ఓటుంది. ఇరవై ఏళ్లుగా లండన్‌లో పన్ను కడుతున్న ఫ్రెంచివాడికి లేదు, పోలండ్ ప్లంబరుకు లేదు. అంతకు ముందు సెప్టెంబరులోనే ఆవకాయ డబ్బాలతో హీత్రూలో దిగిన ఎమ్మెస్సీ కుర్రాడికి ఉంది! యూరప్‌తో బ్రిటన్ తెగతెంపులు చేసుకోవాలో వద్దో అతను హాస్టల్ పక్క వీధిలో తేల్చెయ్యొచ్చు. సొంతూరి ఎమ్మెల్యేకి ఓటెయ్యాలంటే మాత్రం విమానం టికెట్టు కొనుక్కుని రావాలి.

అలాంటి కుర్రాడు ఇంటికి ఫోన్ చేస్తే మాట ఎలా సాగుతుందో ఊహించడం కష్టమేం కాదు.

"అమ్మా, ఇక్కడ నాకు ఓటుందట."

"నువ్వు కాయితాల మీద సంతకాలేం పెట్టకు నాన్నా. వీసా పోతుంది."

"వీసాకి దీనికి సంబంధం లేదమ్మా."

"మరి స్లిప్పు ఎవరు తెచ్చిచ్చారు? ఎంతిస్తున్నారు?"

ఏమీ ఇవ్వరు. ఇంటికొచ్చి వరసలు కలిపి పిలిచే కార్యకర్త ఉండడు, వేలికి సిరా పెట్టరు, సిరా లేకపోతే సెల్ఫీకి అర్థమే లేదు. బ్యాలెట్ మీద సైకిలూ ఫ్యానూ కారూ చెయ్యీ ఏవీ కనబడవు, రెండు వాక్యాలుంటాయంతే. మొదటిసారి ఓటేసే మనవాడికి ఇది ఎన్నికలా అనిపించకపోతే తప్పెవరిది?

సరే, నమోదు సంగతి. ఒకప్పుడు ఆ దేశంలో ఇంటి పెద్ద ఒక్కడే అందరి పేర్లూ రాసి పంపేవాడు. హాస్టలు పిల్లల పేర్లు యూనివర్సిటీయే మూకుమ్మడిగా ఎక్కించేది. 2014లో ఎవరి పేరు వాళ్లే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో నమోదు చేసుకోవాలన్నారు. పాత జాబితాలో సరిచూడని పేర్లకు 2016 చివరిదాకా గడువుండేది. తొందరపడొద్దని ఎన్నికల కమిషన్ చెప్పినా వినకుండా ప్రభుత్వం ఏడాది ముందే, 2015 డిసెంబరులోనే కోసేసింది. కోతలో ఎక్కువగా ఎగిరిపోయేది ఏటా గది మార్చే కుర్రకారే కదా. తలుపేసి గొళ్లెం పెట్టి, ఆనక యువత రావడం లేదని కిటికీలోంచి బాధపడటం ప్రభుత్వాలకు తెలిసిన విద్యే.

ఇంతకీ నా పేరుందా? అది ఆన్‌లైన్‌లో చూసుకునే వీలు లేదు. స్థానిక కౌన్సిల్ ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి. మన ఎన్నికల సంఘాన్ని మనం నిత్యం తిట్టుకుంటాం గానీ, ఓటరు కార్డు నంబరు కొడితే పేరు ఉందో ఊడిందో ఇక్కడ ఫోన్‌లోనే తెలుస్తుంది. అక్కడ ఆ భాగ్యం లేక, ఉన్నవాళ్లు కూడా ఎందుకైనా మంచిదని మళ్లీ నమోదు చేసుకున్నారు. జూన్ 7 అర్ధరాత్రి గడువు. ఆ సాయంత్రం ఉందామనే ప్రధాని కామెరాన్‌ను, పోదామనే నేత ఫరాజ్‌ను టీవీలో చూసి జనం ఒక్కసారిగా వెబ్‌సైటు మీద పడ్డారు. రాత్రి పదింపావుకల్లా సర్వర్ చతికిలబడింది. ఆ ఒక్కరోజే 5 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. గడువు రెండు రోజులు పెంచడానికి పార్లమెంటు హడావిడిగా చట్టం మార్చింది. సర్వర్ డౌన్ అన్న మాట మీసేవ క్యూలో నిలబడ్డవాళ్ల సొంత ఆస్తి అనుకున్నాం ఇన్నాళ్లూ.

కుర్రాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలని పెద్దలు పడ్డ పాట్లు మరో కథ. "ఉందాం" శిబిరం వాళ్లు వోటింగ్‌లో చివరి అక్షరం ఊడగొట్టి "వోటిన్" అని ప్రకటన చేశారు. వర్కిన్, ఎర్నిన్, రేవిన్, వోటిన్. తాతయ్య చిరుగుల జీన్స్ వేసుకుని కాలేజీ ఫెస్టుకు వచ్చినట్టుంది. పెళ్లిచూపుల యాప్ టిండర్‌లో కూడా రెఫరెండం క్విజ్ పెట్టారు. ప్రభుత్వం 93 లక్షల పౌండ్లు ఖర్చుపెట్టి ఇంటింటికీ కరపత్రం పంపింది. అందులో ఉన్నదల్లా ఎందుకు ఉండాలనే. "పోదాం" శిబిరం ఎర్ర బస్సు మీద వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పోతున్నాయని రాసింది. ఆ అంకె తప్పుదోవ పట్టించేదని గణాంకాల సంస్థ మొత్తుకున్నా బస్సు ఆగలేదు. మనవాళ్ల కోసం ప్రత్యేక వంటకం కూడా వడ్డించారు: యూరప్‌తో తెగితే కర్రీ హౌస్‌లకు మన వైపు నుంచి వంటవాళ్లను తెచ్చుకోవచ్చని "పోదాం" వైపున్న మంత్రి ప్రీతి పటేల్ ఊరించారు. 2024 ఏప్రిల్‌లో నైపుణ్య వీసాకు సాధారణ జీతం పరిమితిని ఏడాదికి 38,700 పౌండ్లకు పెంచారు. వంటవాడికి అంత జీతమిచ్చే కర్రీ హౌస్ ఎక్కడుందో ఆవిడే చూపించాలి.

ఫలితం తెలిసిందే. 51.9 శాతం పోదామన్నారు. మర్నాడు పొద్దున్నే ప్రధాని కామెరాన్ తాను పోతానన్నాడు. ఆ తరవాత గూగుల్‌లో బ్రిటన్ జనం యూరప్ గురించి అడిగిన ప్రశ్నల్లో రెండో స్థానం "ఈయూ అంటే ఏమిటి?" అన్నదానిది. వెంటనే నింద కుర్రవాళ్ల మీద పడింది. 18 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 36 శాతమే ఓటేశారని ఒక అంకె ఊరేగింది. ఓటేసేవాళ్ల వయసు పోలింగ్ కేంద్రంలో ఎవరూ రాసుకోరు, అయినా ఊరేగింది. తరవాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు సర్వే చేస్తే నమోదైనవాళ్లలో 64 శాతం దాకా వేశారని తేలింది. నింద మొదటి పేజీలో వచ్చింది, లెక్క ఏ పేజీలో వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఏ గడిలో గీత పెట్టాలో తెలియదన్న కుర్రాణ్ని నేను తప్పుపట్టను. ఆ ఏడాది నిజం చెప్పినవాళ్లలో అతనొకడు. అన్నీ తెలుసన్న ప్రభుత్వమో? ఓడిపోతే ఏం చెయ్యాలో ప్లాను వెయ్యొద్దని శాఖలకు తనే చెప్పింది. ఇది ఘోర నిర్లక్ష్యమని పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ తరవాత కడిగేసింది. ఏ గడిలో గీత పెడితే ఏమవుతుందో తెలియనిది ఓటరొక్కడికే కాదు, గళ్లు గీసినవాళ్లకూ.

ఇప్పుడు అక్కడ కొత్త చిక్కొకటి. 2023 నుంచి పోలింగ్ కేంద్రంలో ఫోటో గుర్తింపు చూపించాలి. వృద్ధుల బస్‌పాస్ చెల్లుతుందన్నారు, విద్యార్థి బస్‌పాస్ చెల్లదన్నారు. మన పాస్‌పోర్టు చెల్లుతుంది. కాబట్టి అమ్మానాన్నలారా, ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నావా" అయ్యాక ఇంకో మాట కూడా అడగండి: కౌన్సిల్ ఆఫీసుకు ఫోన్ చేసి పేరుందో లేదో కనుక్కున్నావా, నాన్నా? సంతకం పెట్టమనండి. వీసా ఏం పోదు.