గోతుల లెక్కలో తప్పిన తంగేడు

తొలకరి పడగానే తెలుగు నేల మీద ఏటా ఒక మహాశాస్త్రం చిగురిస్తుంది. గొయ్యి తవ్వి, మొక్క పెట్టి, ఫోటో దిగితే ప్రకృతి రక్షణ పూర్తయినట్టేనన్నది దాని మూలసూత్రం. ఈ శాస్త్రంలో మొక్కకు సంఖ్యే తప్ప పేరుండదు, దాని పుట్టిల్లు ఏదని అడగడం శుభకార్యంలో తుమ్మినంత తప్పు. 2015లో తెలంగాణలో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కలు నాటించి పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలని సంకల్పించింది. సంకల్పం గొప్పదే గాని, ఏ మొక్క నాటాలన్న ప్రశ్న ఆ కోట్ల కింద పడి నలిగిపోయింది.

ఆ నలుగుడులోంచి నిటారుగా లేచి నిలబడింది కోనోకార్పస్. సముద్రాలు దాటి వచ్చిన ఈ చెట్టు త్వరగా ఎదుగుతుంది, నీరు తక్కువైనా నిలుస్తుంది, అన్నిటికీ మించి మేకలు దాన్ని అంతగా ముట్టవంటారు. తనిఖీకి వచ్చేవారికి కావలసింది బతికిన మొక్కల శాతమే కాబట్టి, మేక వదిలేసిన మొక్క కంటే ఉత్తమమైనది వారికి మరొకటి కనిపించలేదు. మేకే ముట్టనిదాన్ని గొంగళిపురుగు మాత్రం తింటుందా, పురుగు లేనిచోట పిట్ట తన పిల్లలకు ఏం పెడుతుందన్న విచారం తనిఖీ పత్రంలోని ఏ గడిలోనూ ఇమడలేదు. చివరికి 2022లో ప్రభుత్వమే నర్సరీలలో దీని పెంపకం వద్దన్నది. అప్పటిదాకా మౌనం పాటించిన పౌరసమాజం కూడా ఒక్కసారిగా మేల్కొన్నది గాని, అది మేల్కొన్నది స్థానిక మొక్కల కోసం కాదు, ఈ చెట్టు ఆక్సిజన్‌ను పీల్చి బొగ్గుపులుసు వాయువును వదులుతుందన్న పుకారు విని. రాత్రివేళ వేపచెట్టు చేసే పనీ అదేనని తెలిస్తే ఆ ఉద్యమం ఎటు తిరిగేదో!

స్థానిక మొక్క అంటే మనిషి మోసుకు రాకుండానే ఒక ప్రాంతపు నేలతో, వానతో, పురుగూ పిట్టలతో వేల ఏళ్లుగా కలిసి పెరిగిన మొక్క. తంగేడు అటువంటిది. దాని బెరడుతో తోళ్లు ఊనేవారు, దాని పూలు లేనిదే బతుకమ్మను పేర్చరు, దాని ఆకుల మీద సీతాకోకచిలుకల గొంగళిపురుగులు పెరుగుతాయి. తెలంగాణ దాన్ని రాష్ట్ర పుష్పంగా గౌరవించింది కూడా. అయితే తంగేడు పొద పెరిగే తుప్పనేలలకు ప్రభుత్వ అట్లాసు పెట్టిన పేరు బంజరు. అందుచేత ఏ కంపెనీయో సామాజిక బాధ్యత పద్దు కింద ఇచ్చిన సొమ్ముతో ఒక సంస్థ వచ్చి, యంత్రంతో ఆ తుప్పలను చదును చేసి, వరుసగా గోతులు తవ్వి, పచ్చదనం పెంచినందుకు జ్ఞాపికలు పంచుకుంటుంది. రాష్ట్ర పుష్పాన్ని పెకలించి రాష్ట్రాన్ని పచ్చబరచడం ఈ శాస్త్రంలోని పరాకాష్ఠ. తంగేడును ఎవరూ నాటలేదు కాబట్టి అది ఎవరి లెక్కలోనూ లేదు, లెక్కలో లేనిది పోతే నష్టం రాసుకునే ఖాతా కూడా లేదు.

నిజానికి ఆ ఖాతా చట్టంలో ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పడాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును, అంటే ఊరిలోని చెట్టూ చేమా, వాటి పేర్లూ, వాటి గురించి ఊరివాళ్లకు తెలిసిన విషయాలూ నమోదు చేసే పుస్తకాన్ని రాయించాలి. ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో అడిగేవారు లేనంతకాలం అది బీరువాకే అలంకారం. మొక్కలు పంచే ఉత్సాహంలో పదోవంతు పెట్టి, గ్రామసభలో దాన్ని చదివించమని కోరితే, లేదంటే సమాచార హక్కు కింద దాని నకలు తెచ్చుకుంటే, చదును యంత్రం రాకముందే తంగేడుకొక చిరునామా దొరుకుతుంది. విత్తనాలు సేకరించే వేళకే నర్సరీకి వెళ్లి ఈ ఏడు నారేప, మోదుగ, రేల, ఇప్ప ఎన్ని పెంచుతున్నారని అడిగితే, తొలకరికి కోనోకార్పస్ వంటిది మరొకటి చేతిలో పెట్టే అవసరం ఉండదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చేలలో తమంతట తామే మొలిచే ఆకుకూరలను కలుపు అనకుండా ఆహారమని చాటి, వాటికి పాత పంటల జాతరలో చోటు కల్పించారు. వాళ్లు దానికోసం గొయ్యి తవ్వలేదు, మొలిచినదాన్ని పేరుపెట్టి పిలిచారు.

అయితే తవ్వకుండా వదిలేసిన నేల మీద శిలాఫలకం నిలబెట్టడం కష్టమన్న అభ్యంతరం న్యాయమైనదే. పేరు నిలవదని బెంగపడేవారికి ఊరటగా ఒక పూర్వ దృష్టాంతం ఉంది. వంటచెరకు కోసమని, బీడు పచ్చబడుతుందని ఒకప్పుడు ప్రభుత్వాలు అమెరికా ఖండపు ముళ్లచెట్టునొకదాన్ని తెచ్చి నాటించాయి. అది తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మికి దాయాదే గాని, దాయాది బుద్ధి మానక చెరువు శిఖాలనూ పశువుల మేత బీళ్లనూ ఆక్రమించింది. దానికి ఏ అధికారీ పేరు పెట్టలేదు, ఫలకమూ వేయించలేదు. అయినా నాటించినదెవరో జనం మరచిపోకుండా ఈనాటికీ దాన్ని సర్కారు తుమ్మ అనే పిలుస్తున్నారు.