నాబులు తిప్పే నవాబులు

టూ వేనా, త్రీ వేనా, ఫోర్ వేనా? ఆస్టిన్, డాలస్ మనవాళ్ల విందుల్లో కొన్నాళ్లుగా ఇదే గోల. ఇదివరకు గ్రీన్ కార్డు క్యూ గురించీ ఇంటి అప్పు మీద వడ్డీ గురించీ మాట్లాడుకునేవారు. విసుగొచ్చినా, అది మనిషి కష్టమని అర్థమయ్యేది. ఇప్పుడు బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకుని, ‘రీబౌండ్ రెండు క్లిక్కులు తగ్గించి చూశావా అన్నా?’ అంటున్నారు. ఆ అన్నగారి పోర్షె కేమన్ ఏడాదికి నాలుగైదు శనివారాలు ఆస్టిన్ దగ్గరి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ రేసు ట్రాక్‌లో చక్కర్లు కొడుతుంది, మిగతా రోజుల్లో గరాజ్‌లో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. దానికి బిగించదలచిన నాలుగు షాక్ అబ్జార్బర్ల ధర ఐదారు వేల డాలర్ల దగ్గర మొదలై పదివేలు దాటిపోతుంది. డబ్బు ఆయనది, కారు ఆయనది, కాదనడానికి మనమెవరం? కానీ బిర్యానీ చల్లారిపోతోంది. కాబట్టి ఈ పంచాయితీని ఎవరో ఒకరు తెగ్గొట్టాలి. నా తీర్పు ముందే చెప్పేస్తాను: సరదాకి ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లకు షాకు మీద నాబులు పెరిగేకొద్దీ కారు బాగుపడే దారులకన్నా పాడయ్యే దారులే ఎక్కువవుతాయి.

షాకు చేసే పని బ్రహ్మవిద్యేమీ కాదు. కారు బరువు మోసేది స్ప్రింగు. గతుకు తగలగానే స్ప్రింగు అణిగి, మళ్లీ లేచి, అలా ఊగుతూనే ఉంటానంటుంది. ఆ ఊపును పట్టి ఆపడమే షాకు పని. గొట్టంలో నూనె, నూనెలో పిస్టను, పిస్టనుకు సన్నటి రంధ్రాలు, వాటిని మూస్తూ తెరుస్తూ ఉండే పల్చటి ఉక్కు రేకులు. నూనె వాటి సందుల్లోంచి దూరిపోలేక దూరిపోతూ ఊపును వేడిగా మార్చేస్తుంది. అంతే. సరిగ్గా ఈ యంత్రమే ప్రతి ఆఫీసు తలుపు నెత్తిమీదా ఉంటుంది, డోర్ క్లోజర్ అంటారు. దానికీ చిన్న స్క్రూలుంటాయి: తలుపు ఎంత వేగంగా రావాలో ఒకటి చెబుతుంది, ఆఖరి జానెడు దూరం ఎలా మూసుకోవాలో రెండోది చెబుతుంది. ఉన్నవి రెండే స్క్రూలు. అయినా ఏ బ్యాంకుకన్నా వెళ్లి చూడండి. ఆ తలుపు వెనక వచ్చేవాడి ముక్కు పగలగొట్టేదైనా అయి ఉంటుంది, లేదా అరచెయ్యి మందాన తెరుచుకునే ఉండి ఏసీ గాలిని వీధికి దానం చేసేదైనా అయి ఉంటుంది. కదలకుండా ఒక్కచోటే ఉండే తలుపును రెండు స్క్రూలతో దారిలో పెట్టలేని మానవజాతి, గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయే కారును పన్నెండు నాబులతో దారిలో పెడతానంటోంది.

పన్నెండు ఎక్కడివంటారా? త్రీ వే షాకుకు మూడు నాబులు. పిస్టను నెమ్మదిగా అణిగేటప్పటి నిరోధానికి ఒకటి, దబ్బున అణిగేటప్పటి నిరోధానికి ఇంకొకటి, తిరిగి సాగేటప్పటికి మూడోది (విందులో విన్న రీబౌండ్ ఇదే). బ్రేకు వేస్తే ముక్కు వంచడం, మలుపులో పక్కకు ఒరగడం నెమ్మది కదలికలు. గతుకులూ ట్రాక్ అంచు దిమ్మెలూ దబ్బున తగిలేవి. నాలుగు చక్రాలకూ కలిపి పన్నెండు నాబులు. ఒక్కో నాబుకు పదిహేను క్లిక్కులనుకుందాం. ఎడమా కుడీ ఒకేలా ఉంచినా ముందు మూడు, వెనక మూడు, మొత్తం ఆరు నాబులు విడివిడిగా తిరుగుతాయి. పదిహేనును ఆరుసార్లు వేసి గుణిస్తే 1,13,90,625 అమరికలు. ట్రాక్ డేలో ఇరవై నిమిషాల విడతలు ఐదు దొరికాయనుకుని, విడతకొక అమరిక చొప్పున రోజూ పరీక్షించినా 6,241 ఏళ్లు పడుతుంది. మన పంచాంగం ప్రకారం కలియుగం మొదలైంది క్రీ.పూ. 3102లో. ఆ రోజు పొద్దున్నే మొదలుపెట్టి, ఒక్క పండగకూ సెలవు తీసుకోకుండా తిప్పుతూ వచ్చినా, ఇవాళ్టికి ఇంకా వెయ్యేళ్లకు పైగా పని మిగిలే ఉంటుంది. షాకుకు ఇంకో నాబు ఉండే ఫోర్ వే కొన్నారా, ఆ సంఖ్యను మళ్లీ 225తో హెచ్చవేయాలి. అప్పుడు పన్నెండు లక్షల తొంభై ఆరు వేల ఏళ్ల త్రేతాయుగమంతా తిప్పినా సరిపోదు. టైర్లలో గాలి, కారు ఎత్తు, క్యాంబరు అనే చక్రాల వాలు ఈ లెక్కలోకి రానేలేదు.

అన్నీ ఎవరు పరీక్షిస్తారండీ, కంపెనీవాళ్లు చెప్పిన చోట మొదలుపెట్టి ఇటు రెండు క్లిక్కులు, అటు రెండు క్లిక్కులు చూసుకుంటాం అంటారు. నిజమే, అదే పద్ధతి. కానీ ఆ రెండు క్లిక్కులు కారులో తెచ్చే తేడా, నడిపేవాడిలో గంటగంటకూ వచ్చే తేడాకన్నా పెద్దదై ఉండాలి కదా? ఒక చక్కరుకూ ఇంకో చక్కరుకూ రెండు సెకన్లు తేడా వచ్చే మనిషి, క్లిక్కు వల్ల అర సెకను కలిసొచ్చిందని ఏ ఆధారంతో చెబుతాడు? ఆ అర సెకను టైరు వేడెక్కడం వల్లా, ముందున్న కారు దారివ్వడం వల్లా, భోజనానికి ముందు విడత కావడం వల్లా కూడా వచ్చి ఉండొచ్చు. అమెరికా క్లబ్బు రేసుల్లో స్పెక్ మియాటా అనే తరగతి ఉంది. చిన్న మాజ్డా మియాటాలు, అందరికీ ఒకే స్ప్రింగులు, ఒకే షాకులు, ఆ షాకులకు నాబులే ఉండవు. మరి అందరూ కలిసి ఒకేసారి గీత దాటుతున్నారా? లేదు. మొదటివాడికీ ఆఖరివాడికీ చక్కరుకు సెకన్ల మీద సెకన్లు తేడా. ఆ తేడాకు షాకును నిందించే వీల్లేదు. ఆ పోటీలో ఉన్న గొప్పతనమూ క్రూరత్వమూ అదే.

మరి ప్రొఫెషనల్ రేసర్లు వాడట్లేదా అన్నది రెండో అభ్యంతరం. వాడతారు. వాళ్ల వెనక ఒక ఇంజినీరుంటాడు, ప్రతి చక్రం కదలికనూ నమోదు చేసే సెన్సర్లుంటాయి, కారును నిలబెట్టి కుదిపి చూసే సెవెన్ పోస్ట్ రిగ్గు ఉంటుంది. అసలు వాళ్లే ఈ పనిని కంప్యూటరుకు అప్పగించేశారు. 1992లో ఫార్ములా వన్ పోటీల్లో విలియమ్స్ జట్టు ఎఫ్‌డబ్ల్యూ14బీ కారు యాక్టివ్ సస్పెన్షన్‌తో తనంతట తానే సర్దుకుంటూ పోతే నైజెల్ మాన్సెల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1994 సీజనుకల్లా దాన్ని నిషేధించారు. మన అన్నగారి వెనక మాత్రం చల్లటి నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడ్డ బావమరిది ఒక్కడే ఉంటాడు. ఇక మనవాళ్లు మోజుపడే ఓలిన్స్ షాకుల బంగారు రంగు సంగతి. స్వీడన్‌లో కెంత్ ఓలిన్ అనే మనిషి 1976లో ఆ కంపెనీ పెట్టి మోటోక్రాస్ బైకులకు షాకులు చేశాడు. రెండేళ్లకే వాటితో ప్రపంచ టైటిల్ వచ్చింది. పనితనంలో వంక పెట్టడానికేం లేదు. కానీ ఆ గొట్టాలకు బంగారు రంగు వేసింది మనవాళ్ల బలహీనత తెలిసేనేమోనని నా అనుమానం. చక్రం విప్పితే తప్ప కనపడని చోట బంగారం పెట్టించుకుని, చక్రం విప్పి ఫొటోలు తీసుకునేవాళ్లను ఏమనాలి?

మూడో అభ్యంతరం గట్టిది: ఆస్టిన్ ట్రాక్ నిండా ఎగుడుదిగుడే, దబ్బున తగిలే దెబ్బలకు వేరే నాబు ఉండాల్సిందే. ఇక్కడ కాస్త నేల గురించి మాట్లాడుకోవాలి. 5.513 కిలోమీటర్ల పొడవు, ఇరవై మలుపులు ఉన్న ఆ ట్రాక్ 2012లో తెరుచుకుంది. 2021లో మోటోజీపీ రైడర్లు గతుకుల మీద గగ్గోలు పెట్టాక కొన్ని భాగాలకు కొత్తగా తారు వేశారు. తారుది తప్పు కాదు, కింద ఉన్న మట్టిది. అక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. హ్యూస్టన్ బ్లాక్ అని పెద్ద పేరు పెట్టుకున్నారు గానీ, చూడగానే కర్నూలు రైతు గుర్తుపడతాడు: నల్లరేగడి. అదే నలుపు, వానాకాలం కాలికి అదే జిగట, వేసవిలో చెయ్యి దూరేంత అవే పగుళ్లు. మనలాగే వాళ్లూ దాని మీద పత్తి పండించి బాగుపడ్డారు. మన దగ్గర ఈ నేల మీద కట్టిన ఇళ్ల గోడలు నెర్రెలిస్తుంటే, రూర్కీలోని భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐవాళ్లు అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులు రూపొందించి ఇచ్చారు. డాలస్‌లో ఉపాయం వేరు: ఎండలు ముదిరితే ఇంటి చుట్టూ రంధ్రాల పైపు పరిచి పునాదికి నీళ్లు పెడతారు. తాతగారు ఆదోనిలో పత్తిచేనుకు నీళ్లు లేక మబ్బుల వంక చూశాడు. మనవడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో నాలుగు బెడ్‌రూముల ఇంటికి డ్రిప్ ఇరిగేషన్ చేస్తున్నాడు. ఇల్లు మొలకెత్తదు, పిందె వెయ్యదు, అయినా కరెంటు బిల్లు పక్కన నీళ్ల బిల్లు కూడా వస్తుంది. రేగడి వదిలి సముద్రాలు దాటిపోయాం అనుకుంటే అది ముందుగానే వెళ్లి అక్కడ పడుకుని ఉంది. పునాదిని వదల్లేదు, చివరికి శనివారం సరదానూ వదల్లేదు.

సరే, షాకుల దగ్గరికి వద్దాం. గతుకుల మాట ఒప్పుకుంటున్నాను. కానీ గతుకును మింగే గుణం నాబులో ఉండదు, లోపలి ఉక్కు రేకుల పేర్పులో ఉంటుంది. నాబు చేసేది పక్కదారిన పోయే నూనెను కాస్త పెంచడం, తగ్గించడం, లేదా రేకు మీది బిగువును కొంచెం మార్చడం. ఫ్రాన్స్‌కు చెందిన డి కార్బన్ రూపొందించిన ఒంటి గొట్టం గ్యాస్ షాకును 1957లో బిల్‌స్టీన్ కంపెనీ మెర్సిడెస్ కార్లకు పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. బయట తిప్పడానికి ఏమీ లేకుండానే నేటికీ అలాంటివి మంచి పనితనం చూపిస్తున్నాయి. లోపల పేర్పు మీ కారు బరువుకూ స్ప్రింగుకూ కుదరకపోతే పదహారు నాబులు తిప్పినా కుదరదు. కుదిరితే షాకుకు రెండు చాలు. రోడ్డు మీద మెత్తగా, ట్రాక్ మీద గట్టిగా మార్చుకోవచ్చన్న వాదన కూడా ఇలాంటిదే. నాబు తిప్పితే స్ప్రింగు మెత్తబడదు. ట్రాక్ కోసం గట్టి స్ప్రింగు వేయించుకుంటే డాలస్ నుంచి ఆస్టిన్ దాకా మూడు వందల కిలోమీటర్లూ వెన్నుపూస దాని మీదే ఊరేగాలి. పక్క సీట్లో కూర్చున్నవారి అభిప్రాయం కూడా తెలుసుకున్నాకే స్ప్రింగు ఎంచుకోవడం సంసారపక్షం.

వెటకారం కాసేపు పక్కన పెడితే, ఈ నాబుల మోజు ఎందుకో అర్థం కాని సంగతేమీ కాదు. నలభై దాటాక చేతిలో తిప్పడానికి ఏం మిగులుతుంది? క్యూ మన చేతిలో లేదు, వడ్డీ లేదు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో లేదు. అక్కడ అమ్మానాన్నల మోకాళ్ల నొప్పి ఫోనులో ఎంత మాట్లాడినా ఒక్క క్లిక్కు తగ్గదు. కారు కింద ఈ చిన్న అల్యూమినియం నాబు మాత్రం తిప్పగానే టక్కుమని బదులిస్తుంది. దానికి పదివేలు ఇచ్చేవాడిని చూసి నవ్వొచ్చినంతగా కోపం రాదు.

అయినా తీర్పు మారదు. మీ కారు బరువుకు, మీ స్ప్రింగుకు లోపలి పేర్పు సరిచేసి ఇచ్చేవాళ్ల దగ్గర వన్ వేనో, మహా అయితే టూ వేనో కొనండి. కొనేముందు ధర అడగొద్దు, సీలు కారితే విప్పి నూనె మార్చి నైట్రోజన్ నింపేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో అడగండి. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు, పక్కన కూర్చుని తప్పులు చెప్పే శిక్షకుడు, ఈ మూడూ వస్తాయి. చక్కరు సమయం తగ్గించేవి కూడా ఈ మూడే. షాకులు బిగించాక ప్రతి నాబునూ పూర్తిగా మూసి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్కులు తెరిచారో కాగితం మీద రాసుకోండి. ఒక విడతలో ఒక్క నాబే తిప్పండి. ఏమీ తేడా తెలియకపోతే మళ్లీ ఉన్నచోట పెట్టేసి డ్రైవింగ్ నేర్చుకోండి.