రోమన్ అంకెలు రాకుండానే నెగ్గుకురండి

ఝరాసంగం పిల్లలు అంకెల కోసం నిద్ర చెడగొట్టుకుంటే నాకు ప్రాణం ఒప్పదు. ఉన్నవి ఏడే అక్షరాలు: ఐ అంటే 1, వి 5, ఎక్స్ 10, ఎల్ 50, సి 100, డి 500, ఎం 1000. ఏడూ మనకెందుకు?

1. మొదటి మూడు చాలు. వాటితో 39 దాకా బండి నడుస్తుంది. సారు అంతకు మించి అడిగితే, "ఆ పాఠం నాడు శివరాత్రి జాతర సారూ, సంగమేశ్వరుని గుడికి పోయిన" అనండి. జాతర అయిపోయి ఆరు నెలలైందంటే, గుండంలో స్నానం చేసి జ్వరం పడ్డాననండి. మన ఊళ్లో కేతకి సంగమేశ్వరుని పేరెత్తాక ఎదురు మాట్లాడేవాళ్లు తక్కువ.

2. చిన్నది పెద్దదానికి ముందుంటే తీసెయ్యాలి, వెనకుంటే కలపాలి అంటారు. మీరు ఎటున్నా కలపండి. ఐ తర్వాత వి వచ్చినా, వి తర్వాత ఐ వచ్చినా 6. సగం శ్రమ తగ్గింది. ఈ అలవాటు పెద్దయ్యాక ఇంకా పనికొస్తుంది. గ్రూప్-4 నోటిఫికేషన్‌లో రోమన్ అంకె చూసి అది ఆరో గ్రూపు, మనది కాదులే అని పక్కకు తిరిగి పడుకోవచ్చు. దరఖాస్తు కోసం జహీరాబాద్ బస్సెక్కే పని తప్పుతుంది, ఛార్జీ మిగులుతుంది.

3. 99 రాయమంటే సి ముందు ఒక ఐ గీసి లేవండి. ఐ అనేది వి, ఎక్స్‌ల ముందే కూర్చోవాలట. అందుకని 90కి ఎక్స్, సి. 9కి ఐ, ఎక్స్. మొత్తం నాలుగు అక్షరాలు రాయాలట. అంత సిరా ఎవరిస్తారు? ఇక 1888కి పదమూడు అక్షరాలు పడతాయి. అలాంటి ప్రశ్న వచ్చే రోజు చేతికి కట్టు కట్టుకుని వెళ్లండి. కట్టు కుడి చేతికే ఉండాలి, మధ్యలో మార్చారో దొరికిపోతారు.

4. 4కి నాలుగు ఐలు గీయండి. సారు కొట్టేస్తే గోడ గడియారం చూపించండి. చాలా గడియారాల మీద 4 అలాగే ఉంటుంది, ఇది నిజం. ఆ గడియారాల మీదా 9 మాత్రం ఐ, ఎక్స్‌గానే ఉంటుంది. అటువైపు చెయ్యి అడ్డం పెట్టండి.

5. అమెరికా వాళ్లు 2016లో తమ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ 50వదానికి ఎల్ పెట్టకుండా 50 అనే రాసుకున్నారని చెప్పండి. మరుసటి ఏడే మళ్లీ రోమన్‌కు తిరిగొచ్చారని చెప్పకండి.

6. రోమన్ అంకెల్లో సున్నా లేదు. కాబట్టి రోమన్ పేపరుకు సున్నా వెయ్యడం చెల్లదని ఇంట్లో గట్టిగా వాదించండి. నాన్న చెప్పు వెతికేలోపు వాదన ముగించండి.

ఇవన్నీ తప్పకుండా పాటిస్తే వచ్చే జూన్‌లోనూ మీకు అదే తరగతి, అదే కిటికీ పక్క బెంచీ దొరుకుతాయి. దాని మీద మీ పేరు ఇప్పుడే చెక్కి పెట్టుకోండి.