అమ్మ వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: “పెరుగు మానెయ్ నాన్నా. తలకి నూనె పెట్టు. అదే పోతుంది.”

అవతారిక: డిసెంబరు సాయంకాలము. వీడియో కాల్‌లో కొడుకు నల్లకోటు భుజములు చూసి, “హాంబుర్గ్‌లో మంచు పడుతోందా?” అని రాజమండ్రి నుండి తల్లి అడిగెను. “లేదమ్మా, గదిలోనే ఉన్నా” అని అతడనగా ఆమె పలికినది ఈ వాక్యము.

ప్రతిపదార్థము: నాన్నా = ముప్పయ్యేండ్ల కుమారుడా; పెరుగు = పరదేశమున నీకు మిగిలిన ఒక్క ఇంటి రుచిని; మానెయ్ = విడువుము; తలకి = మాడునకు; నూనె = మూడు కవర్లు చుట్టి సూట్‌కేసులో పెట్టి పంపినదియు, చలికి సీసాలో గడ్డకట్టినదియు నగు కొబ్బరినూనెను; పెట్టు = రాయుము; అదే = తనంతట తానే; పోతుంది = తొలగును. ఏది తొలగునో మూలమున లేదు. చుండ్రని పెద్దలు, జుట్టని అద్దము ముందు నిలిచినవారు అన్వయింతురు.

పూర్వపక్షము: తిండికి చుండ్రుతో పొత్తు లేదా? రోటర్‌డామ్‌లో 4,379 మందిని పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనమున, పండ్లు బాగుగా తినువారిలో సెబోరిక్ డెర్మటైటిస్, అనగా చుండ్రుకు పెద్దన్న, 25 శాతము తక్కువ. అయినను రెండును కలిసి కనబడుట వేరు, ఒకటి రెండవదానికి కారణమగుట వేరు. కాకి వాలుటయు తాటిపండు పడుటయు అందరెరిగినదే. పెరుగుపై నేరము రుజువు కాలేదు.

సిద్ధాంతము: ఈ రోగమును 1887లో వర్ణించినది ఈ హాంబుర్గ్ వైద్యుడే, పౌల్ గెర్సోన్ ఉన్నా. (ఉన్నా = ఇంటిపేరు; క్రియ కాదు.) దీని వెనుకనున్నది మలాసే అను ఫ్రెంచివాడు 1874లోనే చూసిన శిలీంధ్రము, మలసేజియా. అది తనకు కావలసిన కొవ్వు ఆమ్లములను తాను చేసుకొనలేదు. మాడున ఊరు జిడ్డును విరిచి తినును. అది విడిచిన ఓలియిక్ ఆమ్లము పడనివారికి మాడు రేగి పొలుసులు రాలును. ప్రయోగశాలలో ఈ శిలీంధ్రమును ఆలివ్ నూనె పోసి సాకుదురు.

శ్లేష: పెట్టుట యనగా రాయుట, వడ్డించుటయు. “తలకి నూనె పెట్టు” అనగా తలమీది అతిథికి విస్తరి వేయుమని రెండవ అర్థము. ఆహారము వలన చుండ్రు పెరుగునన్న మాట సత్యమే. ఎవరి ఆహారమన్నదే విచార్యము.

తాత్పర్యము: పెరుగు తినుము. నూనె ఆపుము. ఆపొటెకెలో, అనగా అచటి మందుల అంగడిలో, కెటోకొనజోల్ షాంపూ కొని, వారమునకు 2 సార్లు మాడుకు పట్టించి, 3 నుండి 5 నిమిషములుంచి కడుగుము.

ఫలశ్రుతి: నెల తరువాత తల్లి భుజములు చూసి, “చూశావా, పెరుగు మానేస్తే ఎలా పోయిందో!” అనెను. కొడుకు పెరుగన్నపు గిన్నెను కెమెరాకు అందకుండ జరిపి, “అవునమ్మా” అనెను.