ఎనిమిది నెలల బ్యాటరీ

మా పెద్దమ్మ చీరాల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ట్యాంకులో నీళ్ళున్నాయో లేవో చూడ్డానికి మోకాళ్ళు పట్టుకుని రోజుకి రెండుసార్లు మేడ ఎక్కుతుంది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే అన్నయ్య ఎప్పుడైనా ఫోన్ చేసి "ఏమైనా కావాలా అమ్మా?" అంటే, "నాకేం తక్కువరా, అన్నీ ఉన్నాయి" అంటుంది. "సరే అయితే, ఉంటా" అని వాడు పెట్టేస్తాడు.

పోయిన దసరాకి వచ్చినప్పుడు ఆవిడ మెట్లెక్కే తంటా చూశాడు. అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ సోల్డరింగ్ పిచ్చి. ట్యాంకు మూతకి ఒక సెన్సరు బిగించి, దానికి ఈఎస్‌పీ 8266 చిప్పు తగిలిస్తే, పావుగంటకోసారి నీటిమట్టం కొలిచి ఇంట్లో వైఫై ద్వారా ఇద్దరి ఫోన్లకీ పంపుతుందన్నాడు. ఒక్క పూటలో తయారు చేశాడు కూడా. చిక్కల్లా దానికి కరెంటు ఎక్కణ్ణించి ఇవ్వాలన్నదే.

"9 వోల్టుల చదరపు బ్యాటరీ పెట్టెయ్" అన్నాను.

"ఈ చిప్పుకి కావలసింది 3.3 వోల్టులు. మామూలు రెగ్యులేటర్ పెడితే మిగతా 5.7 వోల్టులూ వేడి కింద పోతాయి. దాదాపు మూడింట రెండొంతులు దండగ. పైగా వైఫైలో పంపే క్షణంలో ఇది ఒక్కసారిగా 300 మిల్లీయాంపియర్ల దాకా లాగుతుంది. అంత దమ్ము ఆ బ్యాటరీకి లేదు. వోల్టేజీ కుంగిపోతుంది, చిప్పు మళ్ళీ మొదటికొస్తుంది."

పాత సెట్ టాప్ బాక్సు అడాప్టరు ఉందన్నాను. మేడ మీద ప్లగ్గు లేదు. వానకి తడిసే చోటికి 230 వోల్టుల వైరు తీసుకెళ్ళడం వాడికిష్టం లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో వాడే 18650 సెల్లు పెడదామంటే, అవి 4.2 వోల్టులు దాటి ఎక్కకూడదు, 3 వోల్టుల కిందికి దిగకూడదు. వాటికి చార్జింగ్ బోర్డొకటి, కాపలా బోర్డొకటి కావాలి. "అమ్మకి అవన్నీ నేర్పలేను" అన్నాడు.

చివరికి పవర్ బ్యాంకు దగ్గర తేలాడు. ఎలాగూ 5 వోల్టులిస్తుంది. కాపలా బోర్డు లోపలే ఉంటుంది. అయిపోతే పెద్దమ్మ తన ఫోన్‌లాగే చార్జింగ్ పెట్టుకోవచ్చు. డబ్బా మీద 10,000 మిల్లీయాంపియర్-గంటలు అని ఉన్నా, అది లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. 5 వోల్టులకి పెంచి బయటికిచ్చేసరికి 6,000 పైచిలుకు దక్కుతుందన్నాడు.

ఇక పొదుపు మొదలుపెట్టాడు. మినుకుమినుకుమనే ఎల్‌ఈడీ పీకేశాడు. కొలవని సమయంలో సెన్సరుకి కరెంటు ఆపేశాడు. కొలిచి పంపిన వెంటనే చిప్పు గాఢనిద్రలోకి పోయేలా ప్రోగ్రాం రాశాడు. సగటు వాడకం ఒక్క మిల్లీయాంపియరుకి దించి, "6,000 గంటలు! అంటే ఎనిమిది నెలలు దీని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. మెట్ల గదిలో నీడపట్టున మేకుకి తగిలించి బస్సెక్కాడు.

బస్సు ఊరు దాటకముందే ట్యాంకు కబుర్లు ఆగిపోయాయి.

ఆ రోజు నుంచీ పెద్దమ్మకి ఫోన్లే ఫోన్లు. "అమ్మా, మేడెక్కి పవర్ బ్యాంకు బటన్ నొక్కు." ఆవిడ ఎక్కేది, నొక్కేది. ఒక్క కబురు వచ్చేది, మళ్ళీ చప్పుడుండేది కాదు. వాడికేమో ప్రోగ్రాం మీద అనుమానం, టంకాల మీద అనుమానం, వైఫై మీద అనుమానం. అవి తేలేలోపు పొద్దునొక ఫోను, సాయంత్రమొక ఫోను. "ఎక్కావా? నొక్కావా? కాళ్ళు జాగ్రత్త. భోంచేశావా?" మెట్లు తప్పించడానికి పెట్టిన యంత్రం ఆవిడ చేత ఇంకో రెండుసార్లు మెట్లెక్కించింది. ఆవిడ మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు.

అసలు సంగతి చీరాలలో ఫోన్లు బాగుచేసే కుర్రాడు చెప్పాడు. "ఇవి ఫోన్ల కోసం చేసినవండీ. అవతల వస్తువు మరీ తక్కువ లాగుతుంటే, ఫోన్ నిండిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి."

అదే మాట అన్నయ్యకి చేరవేశాను. తల పట్టుకుని, ఆ శనివారమే దిగాడు. పెద్దమ్మ కాఫీ తెచ్చి పక్కనే కూర్చుని, "ఇంతకీ దాని రోగమేమిట్రా?" అంది.

"రోగం కాదమ్మా, మరీ పొదుపు. ఇది తక్కువ తింటోంది, ఆ బ్యాంకేమో దీనికి ఇక అక్కర్లేదనుకుని ఆపేస్తోంది. ఎప్పుడూ లాగేలా రెసిస్టరు పెడితే 100 మిల్లీయాంపియర్లు పోయి అరవై గంటల్లో అంతా ఖాళీ. అంత అవసరం లేదు. కొన్ని సెకన్లకోసారి, అవసరం ఉన్నా లేకపోయినా, కాస్త లాగి వదిలితే చాలు. అప్పుడది మనల్ని మర్చిపోదు."

"ఓహో" అంది పెద్దమ్మ.

చిన్న టైమరు, ట్రాన్సిస్టరు, రెసిస్టరు కలిపి ఆ పని చేయించాడు. ఎనిమిది నెలల మాట పోయి వారాల లెక్కకొచ్చింది గానీ, యంత్రం మాత్రం గడియారంలా నడిచింది. పావుగంటకోసారి ట్యాంకు కబురు వాడి ఫోన్లో పడేది. ఇక బటన్ నొక్కమని చెప్పే పని లేకపోయింది. ఆ నెలంతా పెద్దమ్మకి మేడెక్కే పనీ లేదు, ఫోనెత్తే పనీ లేదు.

సంక్రాంతి ముందు అది మళ్ళీ ఆగిపోయింది. వెంటనే అన్నయ్య ఫోను. "నొక్కాను నాన్నా, రావట్లేదు" అంది పెద్దమ్మ. మళ్ళీ పొద్దునొకటి, సాయంత్రమొకటి. చివరికి సెలవు పెట్టి, మల్టీమీటరు, టంకం సామాను పట్టుకుని వచ్చాడు. ఇద్దరం మెట్ల గదిలోకి వెళ్ళాం. పవర్ బ్యాంకు నిండుగా ఉంది, బటన్ నొక్కితే నాలుగు దీపాలూ వెలిగాయి. వైరు మాత్రం దాన్నుంచి ఊడదీసి, శుభ్రంగా చుట్టచుట్టి మేకుకి వేలాడదీసి ఉంది.

"ఎవరు తీశారమ్మా ఇది?"

మెట్ల మీద రొప్పుతూ నిలబడ్డ పెద్దమ్మ అంది:

"నేనేరా. అప్పుడప్పుడూ కాస్త లాగకపోతే, వీళ్ళకిక అక్కర్లేదనుకుని ఆపేస్తారని నువ్వే కదా చెప్పావు! అందుకే లాగాను."