చేతిపని బావగారు

మా బావగారికి స్నూకర్ రాదని ఎవరూ అనలేదు. అలా అనేటంత సేపు ఆయన ఆడితే కదా!

సికింద్రాబాద్‌లో ఆయన వెళ్లే పార్లర్‌లో బంతులు పేర్చేసి అందరూ కాచుకుని ఉంటారు. ఈయన మాత్రం ఎవరో కుర్రాడు కొత్తగా కొనుక్కున్న క్యూ కర్ర పట్టుకుని ట్యూబ్‌లైటు కిందికి పోతారు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, పిడి దగ్గర నల్లటి ఎబొనీ తెల్లటి యాష్ కర్రలోకి దిగిన నాలుగు మొనలూ చూస్తారు. అవి సూదుల్లా, అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయా, అంతే సంగతులు. "మిషను కోత" అని తిరిగిచ్చేస్తారు. ఆ కుర్రాడి మొహం చూడలేం.

అదే మొనలు కాస్త గుండ్రం తిరిగి, ఒకటి వెంట్రుకవాసి పొట్టిగా ఉంటే మాత్రం ఆయన గొంతు వణుకుతుంది. "చేత్తో చిత్రిక పట్టాడయ్యా మహానుభావుడు! ఒక్కో ముక్కా అతికించి, ఆరనిచ్చి, మళ్లీ చిత్రిక పట్టి..." ఇక లండన్‌లో క్యూలు చేసే జాన్ పారిస్ గురించి మొదలుపెడతారు. పక్కన పాయింట్లు రాసే మార్కర్ టైము చూసుకుంటుంటాడు. టేబుల్ బిల్లు గంటల లెక్కన కట్టేది మేమే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పాత క్యూ ఒకటి, పేరున్న కంపెనీ బిళ్ల తగిలించి, చేతిపనేనని ఎవరో ఓ పిల్లాడికి అంటగట్టబోతే అడ్డుపడింది ఈయనే. "బిళ్లదేముందిరా, ఎవడైనా అతికిస్తాడు. చెక్క చూడు" అని మధ్యాహ్నమంతా కూర్చుని నేర్పారు. ఆ పిల్లాడి తండ్రి డబ్బు మిగిలింది.

సొంత క్యూ సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి అవిసె నూనె మర్దనా, ఎండాకాలం ఏసీ గది. రైల్లో దాన్ని గోడవైపు పడుకోబెట్టి, అంచున తను ఒత్తిగిలి పడుకుంటారు. ఎవరైనా ముట్టుకుంటే చేతికి చెమట ఉందా అని అడుగుతారు.

సంక్రాంతికి మా అక్క సకినాలు చుట్టింది. "ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉన్నాయేంటి?" అన్నారీయన. అక్క మాట్లాడకుండా పళ్లెం లాగేసుకుంది. చేతిపని గొప్పదనం ఇంట్లో చెల్లదు కాబోలు.

ఆట సంగతా? క్లబ్బు గోడకి తగిలించి ఉండే మామూలు కర్ర తీసుకుని కుర్రాళ్లు ఆయన్ని ఓడిస్తారు. ఓసారి ఉండబట్టలేక అనేశాను. "బావగారూ, స్టీఫెన్ హెండ్రీ 40 పౌండ్లకి కొన్న క్యూతోనే 1990 నుంచి 1999 వరకు ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడట కదా!"

ఆయన నాకేసి జాలిగా చూశారు. "చివరికేమైంది? 2003లో విమానంలో వేస్తే విరిగింది."

చేతిపనిదైతే విమానమే విరిగేదన్నట్టు!